నిండుకుంది

మొన్న ఆదివారం మా అమ్మాయి బియ్యం డబ్బా మూత తీసి, "మమ్మీ, రైస్ అయిపోయింది," అంది. అయిపోయింది అనకూడదే, నిండుకుంది అనాలి అన్నాను. అది డబ్బాను నా ముందు తలకిందులు చేసి, "ఇది ఎంప్టీ. నిండటం ఏంటి?" అంది. ఈ పరాయి దేశంలో, మౌంట్ ఆల్బర్ట్‌లో పుట్టిన పిల్లకు తెనాలి కిరాణా కొట్టు మర్యాదలు ఎక్కణ్ణుంచి వస్తాయి? మా నాన్న కొట్లో కందిపప్పు గింజ లేకపోయినా "లేదు" అన్న మాట గడప దాటేది కాదు. "నిండుకుందమ్మా, సాయంత్రం రండి," అనేవాడు. లేదంటే లక్ష్మి వింటుందట. ఆ ఖాళీ డబ్బా చేతిలోకి తీసుకుంటే, లక్ష్మి సంగతేమో గాని, నాకు మా వీధి చివరి బొత్తాల ఆంటీ గుర్తొచ్చింది.

రెండువేల అయిదో, ఆరో. నేను మూలమీది డెయిరీలో పనిచేసేదాన్ని. డెయిరీ అంటే ఇక్కడ పాలకేంద్రం కాదు, చిల్లర కొట్టు. సముద్రాలు దాటి వచ్చి మళ్ళీ కొట్లోనే కూర్చున్నానని మా నాన్న ఫోనులో తెగ మురిసిపోయాడు. వీధి చివరి ఆవిడ రోజూ పొద్దున రొట్టెకూ పేపరుకూ వచ్చేది. మొదటిసారి "ఆంటీ" అన్నప్పుడు కళ్ళద్దాల మీంచి చూసి, "మీ అమ్మకు నేను చెల్లెలినా?" అని అడిగింది. నెల తిరిగేసరికి, నేను పిలవడం మరిచిపోతే ఆగి చూసేది. ఆవిడ యూదురాలు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పదకొండేళ్ళ పిల్లగా బాబాయి కుటుంబంతో ఓడెక్కి వచ్చింది. అన్నయ్య మాత్రం మంచాన ఉన్న తల్లిని వదల్లేక అక్కడే ఉండిపోయాడు. పత్రికలకు చిన్న చిన్న నవ్వుల కథలు రాసేవాడట. యూదుడని ముందు అతని రాతలు ఆపారు, తరువాత ఉద్యోగం తీసేశారు, తరువాత ఇల్లు లాక్కున్నారు. చివరికి మనిషినే లేకుండా చేశారు.

ఆంటీ దాచుకుని, ఇంగ్లీషులోకి తిప్పిన ఆ కథలు చదివి మా వీధి మ్యూజిక్ టీచరమ్మ, వాటిని పాటలు కట్టి నాటకంగా ఆడిద్దాం అంది. చర్చి హాలు, ఇరవైమంది పాటగాళ్ళ క్వయర్, ఒక పాత పియానో. నా గొంతు ఒక్క పూట విని, నన్ను సామాన్లు సమకూర్చే పనికి మార్చింది. నాకు అదే కావాలి. పాత బట్టలు దానంగా తీసుకుని అమ్మే కొట్టుకు వెళ్ళి ఆ కాలపు కోట్లు బేరమాడాను. "ఇది రోగుల కోసం వెళ్ళే సొమ్మమ్మా," అని అక్కడి పెద్దావిడ మెల్లగా చెబితే తల దించుకున్నాను. అయినా, బొత్తాలు ఊడిన కోటు దగ్గర మాత్రం మళ్ళీ నోరు తెరిచాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి. అన్నీ కుదిరాయి గాని, నాటకానికి చివరి పాట లేదు. ఆంటీ అన్నయ్య రాసిన మూడు ఉత్తరాలు ఇచ్చింది. నాలుగోది, ఆఖరిది, బిస్కెట్ల డబ్బాలో ఉందని నోరు జారింది గాని ఇవ్వలేదు. "బేరాలాడే మనిషివి నువ్వే, వెళ్ళు," అని టీచరమ్మ నన్ను తోలింది.

ఆంటీ ఇంట్లో టీ అయింది, వాన గురించి మాటలయ్యాయి. "మూడు ఇచ్చానుగా, చాలు," అంది ఆంటీ. నేను మా తెనాలి బజారు పాత ఎత్తు వేశాను. లేచి, సరే వస్తానని నడిచాను. గేటు దాటేలోపు కొట్టువాడు వెనక్కి పిలవాలి, అది శాస్త్రం. పిలుపు రాలేదు. తిరిగి చూస్తే తలుపు మూసి ఉంది. గొడుగు మరిచాననే వంకతో వెనక్కి వెళ్ళి తలుపు కొట్టాను. ఆవిడ గొడుగు చేత పట్టుకునే తీసింది. "మా నాన్నది బొత్తాల కొట్టు. ఈ నడక నేను రోజుకు పదిసార్లు చూసేదాన్ని. రా, కూర్చో." నా మనసులో ఆవిడకు ఆ పేరు ఆ గుమ్మంలోనే పడింది.

అది ఉత్తరం కాదు, కార్డు. వేలు పెట్టి చదివి ఇంగ్లీషులో చెప్పింది: ఇంట్లో అన్నీ నిండుగా ఉన్నాయి, ఏమీ పంపకు, నీ వంతు నువ్వు తిను. "అన్నయ్యకు పంపాలని ఒక జామ్ డబ్బా దాచాను. ఇది చూసి వారంరోజులు కూర్చుని తినేశాను. తరువాత తెలిసింది, అప్పటికి వాళ్ళింట్లో రొట్టెముక్క లేదని. ఇక కార్డు రాలేదు. ఇప్పుడు దీన్ని పాట కట్టి నలుగురికీ వినిపించాలా?"

నేను బేరం మరిచిపోయాను. మా నాన్న కొట్లో ఖాళీ డబ్బాల సంగతి, నిండుకుంది అనే మాట సంగతి చెప్పాను.

"మా అన్నయ్యకు తెలుగు రాదు," అంది.

"మీ నాన్నగారి కొట్లో బొత్తాలు అయిపోతే ఏమనేవారు?"

ఆంటీ కార్డును ఒళ్ళో పెట్టుకుంది. "రేపొస్తాయి అనేవాడు. ఖాళీ పెట్టె మూత మీద చెయ్యేసి. అన్నయ్య ఆ కొట్టు బల్ల మీదే కూర్చుని కథలు రాసుకునేవాడు." తరువాత కార్డు నా చేతిలో పెట్టింది. మళ్ళీ ఎప్పుడు తెచ్చివ్వను అన్నాను. "రేపు," అంది, నవ్వకుండా.

నిజం చెప్పొద్దూ, ఆ కార్డుకు అర్థం అదేనో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. సరుకు కదలాలని చెప్పానో, మనసారా చెప్పానో, అదీ తెలియదు.

టీచరమ్మ ఆ తెలుగు మాటనే పల్లవి చేసింది. ఎన్నిసార్లు దిద్దినా ఆ ఇరవైమంది కివీలూ, ఈ దేశంవాళ్ళు గదా, "నిండుకుండ" అనే పాడారు. తేడా ఏమిటని ఆంటీ అడిగింది. ఒకటి ఖాళీ డబ్బా, ఒకటి నిండిన కుండ అన్నాను. "అలాగే పాడనీ," అంది.

ప్రదర్శన ఆదివారం మధ్యాహ్నం. చివరి పాటకు వేదిక మీద ఒక ఖాళీ అర ఉండాలి. తెర తీసే ముందు చూస్తే అందులో జామ్ డబ్బా ఉంది, కొత్తది, సీలు తియ్యనిది. టీచరమ్మ తీసెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఆంటీ ముందు వరసలో, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, ఆ అరనే చూస్తూ కూర్చుంది. నిండుకుండ, నిండుకుండ అని క్వయర్ పాడుతుంటే ఆవిడ పెదవులూ కదిలాయి. నన్ను పాడవద్దన్నారు గదా, నేను తెర వెనక మెల్లగా పాడాను.

ఆంటీ పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఇంట్లో ఇప్పుడెవరో ఉంటున్నారు. మా అమ్మాయి బియ్యం తేవడానికి కారు తాళాలు తీసుకుని, గుమ్మంలో ఆగి, "ఏమనాలన్నావ్, మమ్మీ?" అంది. చెప్పాను. కాలం కూడా ఆ బొత్తాల కొట్టాయన లాంటిదే. ఖాళీ పెట్టె మూత మీద చెయ్యేసి, రేపు రమ్మంటుంది.