కార్డు మార్చమన్నవాళ్ళు

నా కంప్యూటర్‌కు ఎనిమిదేళ్ళు నిండిన వేసవిలో, దాన్ని ఏం చెయ్యాలో అడక్కుండానే చెప్పినవాళ్ళు చాలామంది. అడిగిన పాపానికి చెప్పినవాడు ఒక్కడే. వాడే అందరికన్నా ఘనుడు.

నేను నందిగామలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఉండేది జగ్గయ్యపేటలో, మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తారు కాబట్టి. రోజూ బస్సులో పోయి బస్సులో వస్తాను. సాయంత్రం ఇంటికొచ్చి, టీ తాగి, ఒక గంటసేపు కంప్యూటర్ ముందు కూర్చుని తుపాకులు పేలుస్తాను. అదే గంటలో మా పక్కింటావిడ సీరియల్లో ఒకే అత్త ఒకే కోడలి పాలల్లో విషం కలపడం మూడో వారం చూస్తూ ఉంటుంది. ఆవిణ్ణి ఎవరూ ఏమీ అనరు. నలభై రెండేళ్ళ లెక్చరర్ గేములాడుతుందంటే మాత్రం స్టాఫ్ రూములో నవ్వు ఆపుకోవడానికి కర్చీఫులు బయటికొస్తాయి.

నేనాడేది జట్టుగా ఆడే గేము. నాతో మరో నలుగురు. ముఖాలు ఎప్పుడూ చూడలేదు. ఇద్దరు హైదరాబాదు, ఒకతను విజయవాడ, ఒకతను ఖమ్మం. అందరూ ఉద్యోగస్తులే. వాళ్ళు మైకుల్లో మాట్లాడుకుంటారు, నేను మైకు పెట్టకుండా అవసరమైనప్పుడు రెండు ముక్కలు టైపు చేస్తాను. పేరు దగ్గర ఒక పిట్ట పేరు పెట్టుకున్నాను. ఇంత బాగా కాల్చేది మగవాడే అయ్యుంటాడని వాళ్ళకు వాళ్ళే తీర్మానించుకుని, మూడేళ్ళుగా నన్ను అన్నా అని పిలుస్తున్నారు. సరిదిద్దాలని నాకెప్పుడూ అనిపించలేదు.

ఆ వేసవిలో కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టింది. సరిగ్గా కాల్పులు జోరందుకునే సమయానికి తెర బిగుసుకుపోయేది. మళ్ళీ కదిలేసరికి నేను చచ్చిపడి ఉండేదాన్ని. జట్టుకు తనను తాను నాయకుడిగా నియమించుకున్న విజయవాడ మనిషి ఊరుకునేవాడు కాదు.

"మళ్ళీ ఆగిపోయావా అన్నా? నీ సిస్టమ్ తీసుకెళ్ళి కృష్ణలో కలిపెయ్ అన్నా, మాకు పుణ్యం ఉంటది."

"గా డబ్బాతోటి ఎట్ల ఆడుతున్నవన్నా?" అని ఖమ్మం అతను జాలిపడేవాడు.

ఏం మార్చమంటావని నాయకుణ్ణి ఒకసారి టైపు చేసి అడిగాను. నా బుద్ధి తక్కువతనం. బొమ్మల్ని తెర మీదికి తెచ్చే గ్రాఫిక్స్ కార్డు ముందు మార్చమన్నాడు. దానికి పాత పవర్ సప్లై చాలదు, అదీ మార్చమన్నాడు. కొత్త కార్డు వేగాన్ని పాత ప్రాసెసర్ అందుకోలేదట, అదీ మార్చాలట. కొత్త ప్రాసెసర్ పాత బోర్డు మీద కూర్చోదట. అన్నీ మార్చాక మిగిలేది ఇనప డబ్బా ఒక్కటే. చివరికి దాన్నీ వదల్లేదు. "లైట్లున్నది తీస్కో అన్నా, లుక్కు బాగుంటది" అన్నాడు. ఇంతా చేసి అతను తన కంప్యూటర్ మూత ఒక్కసారైనా విప్పినవాడు కాదు. అతని విజ్ఞానమంతా వీడియోలు పెట్టిన భిక్షే.

మా ఆయన్ను అడిగితే, "నీ ఇష్టం. కొత్తది కావాలంటే తీసేస్కో" అన్నారు. ఎవరైనా ఏదైనా అడిగితే సరేననడమే ప్రశాంతతకు దారి అని ఆయన నమ్మకం. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆ నమ్మకం వల్ల మా ఇంట్లోకి వచ్చిన పనికిమాలిన సామాను అంతా ఇంతా కాదు.

ఒక ఆదివారం ఇద్దరం కంప్యూటర్‌ను కారులో పెట్టుకుని నందిగామలో ఒక షాపుకు తీసుకెళ్ళాం. షాపాయన నన్ను దాటి మా ఆయన్ను పలకరించాడు.

"రండి సార్. బాబుకా అండి? ఏ క్లాసు?"

"మాకు బాబు లేడండీ" అన్నాను నేను. "అమ్మాయి ఉంది, దానికి గేములంటే గిట్టదు. ఆడేది నేను."

"మేడమ్ భలే జోకులేస్తారు సార్" అన్నాడాయన, మా ఆయనతోనే. మా ఆయన నవ్వారు. ఆ నవ్వుకు తిరుగు ప్రయాణమంతా ఆయన మూల్యం చెల్లించుకున్నారు.

చెక్ చేసి చెబుతానని కంప్యూటర్ అక్కడే ఉంచుకున్నాడు. బుధవారం కాలేజీలో వేసవి క్లాసులు అయ్యాక వెళ్ళాను.

"కార్డు అయిపోయిందండి మేడమ్. దాని ఆయుష్షు అంతే. కొత్తదానికి ఆర్డర్ పెట్టెయ్యమంటారా?"

"ఆలోచించి చెప్తా" అన్నాను. నిజానికి పెట్టెయ్యమనే మాట నోటిదాకా వచ్చింది. ఆయన సెల్ మోగి అటు తిరగబట్టి ఆగాను. డబ్బాను ఒళ్ళో పెట్టుకుని బస్సులో జగ్గయ్యపేట చేరాను. పక్క సీటు పెద్దావిడ దాన్ని తడిమి చూసి, "ఓవెనా అమ్మా?" అంది. ఔనన్నాను. వివరించే ఓపిక లేదు.

ఇంట్లో పెట్టి చూస్తే ముందుకన్నా అధ్వానంగా ఉంది. గేము తెరుచుకోవడానికే యుగం పట్టింది. డబ్బాకు ఒక పక్క అద్దం ఉంటుంది. అందులోంచి చూస్తే, మెమరీ కోసం పక్కపక్కన ఉండాల్సిన రెండు ర్యామ్ స్టిక్కుల్లో ఒకటే ఉంది. రెండో చోటు ఊడిన పన్ను చోటులా బోసిగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం క్లాసు కాగానే మళ్ళీ షాపుకెళ్ళాను.

"నా సిస్టమ్‌లో రెండు ర్యామ్‌లుండాలి. ఒకటే ఉంది."

"ఒకటి పాడైందండి మేడమ్. తీసేసా. చెప్పడం మర్చిపోయా."

"ఆ పాడైందివ్వండి, తీసుకెళ్తా."

"పారేసానండి."

"ఎక్కడ పారేశారు?"

ఆయన ఓర్పుగా నవ్వాడు. "సార్‌ని ఒకసారి పంపించండి మేడమ్. ఆయనకి చెప్తా."

"సార్‌కి ర్యామ్ అంటే ఏంటో తెలీదండీ. నాకు చెప్పండి. ఒక్కోదాని మీద ఒక్కో నంబరుంటది. కొన్నప్పటి అట్టపెట్టె మీద కూడా ఆ నంబరే ఉంది, ఇదిగో తెచ్చా. మీ దగ్గరున్నవన్నీ బయట పెట్టండి, ఒక్కొక్కటీ చదువుతా. నాకు సాయంత్రం దాకా క్లాసుల్లేవు."

షాపులో ఉన్న మరో ఇద్దరు మా వైపు తిరిగారు. ఆయన వాళ్ళను చూశాడు, నన్ను చూశాడు, సొరుగు లాగాడు. వెతకలేదు కూడా. చెయ్యి నేరుగా దాని మీదికే పోయింది.

"ఇదేమో చూడండి మేడమ్. పొరపాటున కలిసిపోయినట్టుంది."

నంబరు కలిసింది.

"ఇందాక పాడైందన్నారు?"

"ఒక్కోసారి బాగవుతయ్యండి" అన్నాడు, కళ్ళార్పకుండా.

దొంగతనం చేసినందుకు కాదు, ఆ జవాబుకే ఆయనంటే నాకు అసహ్యం వేసింది. ఎదుటి మనిషి ఆడది కాబట్టి కాస్త తెలివైన అబద్ధం చెప్పే శ్రమ కూడా అక్కర్లేదనుకున్నాడు.

ఆదివారం పొద్దున హాల్లో పాత దుప్పటి పరిచి, స్క్రూడ్రైవర్ తీసుకుని డబ్బా విప్పాను. లోపల ఫ్యాను రెక్కలు కనిపించలేదు. తెల్లగా, మెత్తగా, వేలు పెడితే గుంట పడేంత దుమ్ము. కార్డును చల్లబరిచే లోహపు రేకుల మధ్య సందన్నదే లేదు. పేపరు చదువుతున్న మా ఆయన వచ్చి వంగి చూసి, "ఇది మా ఫ్యాక్టరీది కాదు, రోడ్డు దుమ్ము" అన్నారు. నేనేమీ అడగలేదు.

బ్లోయర్‌తో బాల్కనీలో దులిపాను. కార్డు విప్పి చూస్తే, వేడిని రేకులకు అందించే పేస్టు అడుగంటిన సున్నం డబ్బీలోలాగ పెచ్చులు కట్టి ఉంది. గీకేసి, తెప్పించి పెట్టుకున్న కొత్త పేస్టు రాసి బిగించాను, రెండో ర్యామ్‌నూ దాని చోట పెట్టాను. మొత్తం రెండు గంటల పని. బిగిస్తున్నంతసేపూ సిగ్గేసింది. పద్దెనిమిదేళ్ళుగా పిల్లలకు ఉష్ణవహనం పాఠం చెబుతున్నాను. వేడి బయటికి పోయే దారి మూసుకుపోతే ఏమవుతుందో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. ఆ చెప్పే మనిషి, వేడెక్కి ఆగిపోతున్న పెట్టెను మూత కూడా తియ్యకుండా కారులో ఊరేగించింది. షాపాయన నన్ను తెలివితక్కువదాన్ననుకోవడంలో పూర్తిగా తప్పు లేదు.

ఆ సాయంత్రం తెర ఒక్కసారి కూడా ఆగలేదు. వరసగా మూడు ఆటలు గెలిచాం.

"చెప్పానా అన్నా!" అని నాయకుడు ఎగిరి గంతేశాడు. "కొత్త కార్డేయించావ్ కదా! నా మాట విన్నావ్, చూడు ఎలా పరిగెడుతోందో!"

మూడేళ్ళలో మొదటిసారి మైకు ఆన్ చేశాను.

"కార్డు మార్చలేదు. దుమ్ము దులిపా, అంతే."

నాయకుడు, "ఎవరండీ? అన్న లేడా?" అన్నాడు.

"అన్నంటూ ఎవరూ లేరు. మొదట్నించీ నేనే."

మర్నాటి నుంచి నేను వాళ్ళకు ఆంటీనయ్యాను. "ఆంటీ, మీరు వెనకుండండి, ముందు మేం చూసుకుంటాం" అనేవాడు నాయకుడు. మొన్నటిదాకా ముందు నన్ను తోసి నా వెనక నక్కినవాడు. నా గురి మారలేదు, నా స్కోరు వాళ్ళకన్నా తగ్గలేదు. గొంతు ఒక్కటే కొత్త. హైదరాబాదు వాళ్ళిద్దరూ బూతులు మానేసి, వాటితో పాటు మాట్లాడడమే మానేశారు. వారం చూసి ఆ జట్టులోంచి బయటికొచ్చేశాను.

వీళ్ళ మెప్పు కోసమా నేను ఆర్డర్ పెట్టబోయింది అని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కార్డు మార్చలేదు. కొత్తగా వచ్చిన పెద్ద గేములు కొన్నింటిని అది మొయ్యలేదు. వాటిని నేను ఆడను.

బయటికొచ్చిన నాలుగో రోజు ఖమ్మం అతను మెసేజ్ పెట్టాడు. "అక్కా, నా దాంట్ల గూడ దుమ్ముందేమో. ఎట్ల తియ్యాలె?" ఏ స్క్రూ ముందు విప్పాలో, ఏ తీగ ముట్టుకోకూడదో ఫోనులో దగ్గరుండి చెప్పాను. అతని డబ్బాలో రెండు బల్లి గుడ్లు దొరికాయి. ఇప్పుడు మేమిద్దరమే ఆడుతున్నాం. ఎవరు ముందుండాలో ఆట మొదలయ్యే ముందు అతను అడుగుతాడు.