మూత పడని ల్యాప్‌టాప్

కోరుట్లలో లతీఫున్నీసా ఇంట్లో ఆ పాత ల్యాప్‌టాప్‌కు జరిగినంత సేవ మనుషులకు జరగదు. వేడెక్కితే దాన్ని బోర్లించిన పిండి జల్లెడ మీద పెడుతుంది. కరెంటు పోతే ముందు దాని దగ్గరికే పరుగెత్తుతుంది. కూతురు మిస్బా డిగ్రీ పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి. ఈమధ్య దాని మూత సరిగా పడటం లేదు. సందులోంచి దుమ్ము లోపలికి పోతుందని, పడుకునే ముందు మూత మీద రొట్టెల పీట బరువు పెడుతోంది. "బల్ల మీద వద్దు బేటీ, పడితే పలుగుతది. ఒళ్లె పెట్టుకో" అని మిస్బాను రోజూ కసురుతుంది. కొత్తది కొనమని తన తమ్ముడు అక్బర్ అంటే ఆమెకు గుండె దడ. బాగుచేయిస్తే పాఠాలు పోతాయేమోనని అంతకన్నా దడ.

చివరికి దాన్ని దుపట్టాలో చుట్టి, బస్సులో గుండెకు హత్తుకుని జగిత్యాల తెచ్చింది. "గిది ఇంక నడుస్తదా, కొత్తది కొనాల్నా?" అని అడిగింది. రిపేరు షాపు దివాకర్ అడుగు రేకు విప్పి, చటుక్కున చేతులు వెనక్కి తీసుకున్నాడు. లోపల బ్యాటరీ పూరీలా పొంగి ఉంది. "గిందుకే మూత పడ్తలేదమ్మా. దీని మీద ఎవలన్న బరువు పెడ్తరా? నిప్పంటుకుంటే ఏం గావాలె! బ్యాటరీ మారిస్తే నడుస్తది, పాఠాలెక్కడికి పోవు. మార్చాల్నా, కొత్తది చూపియ్యాల్నా?"

నిప్పు అన్న తర్వాతి మాటలేవీ ఆమెకు వినిపించలేదు. నిప్పురవ్వలు పడ్డట్టు తన ఒడిని రెండు చేతులా దులుపుకుంటోంది.

"ఒళ్లె పెట్టుకుంటే ఏమైతది?" అంది. ఎవరి ఒళ్లోనో చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.