ఐదు మిషన్లకూ ఒకే పేరు

సింహాద్రిపురం నాయకుణ్ణి చంపుతామని మెయిలు పెట్టింది టైలర్ అబ్దుల్ సలామేనని ప్రొద్దుటూరులో ఇప్పటికీ చెప్పుకుంటారు. అవతలి పార్టీవాళ్లు ఆయన చేత రాయించారట. స్టేషన్లో ఆయనే నోటితో ఒప్పుకున్నాడట. ఆ మాట అనేవాళ్లు ఎదురైతే ఆయన కూతురు మాబున్ని తల దించుకుని దాటిపోతుంది.

సలాం మొదట గుడ్డలు కుట్టేవాడు. వాళ్ల సందులో ఇళ్లకు నంబర్లు లేవు. అందుకని కువైట్ నుంచి మగవాళ్లు రాసే ఉత్తరాలన్నీ ఆయన అంగడి చిరునామాకే వచ్చేవి. ఏది ఎవరిదో చూసి ఇంటింటికీ ఇచ్చి వచ్చేవాడు. ఒక్క ఉత్తరమూ ఇల్లు తప్పలేదు. ఉత్తరాలు తగ్గిపోయాక అదే గదిలో ఐదు కంప్యూటర్లు పెట్టి నెట్ సెంటర్ తెరిచాడు. పదో తరగతి మధ్యలో మానేసిన మాబున్ని మధ్యాహ్నాలు అక్కడ కూర్చునేది.

నెట్ లైను ఒక్కటే. గోడకు బిగించిన చిన్న పెట్టె దాన్ని ఐదు మిషన్లకూ పంచేది. అది ఎట్లా పంచుతుందో లైనతను చెప్పగా విని, సలాం కూతురికి చెప్పాడు.

"లోపల మిషనుకొక నంబరుంటాదమ్మా. బయటోళ్లకు అది కనపడదు. మనం ఏదన్నా అడిగితే పెట్టె ఆ నంబరు తీసేసి, అంగడి నంబరేసి బయటికి పంపుతాది. దాంతోపాటు ఒక గుర్తు కూడా ఏస్తాది. ఆ గుర్తు ఏ మిషనుదో తన దగ్గర చీటీ రాసుకుంటాది. జవాబు అదే గుర్తుతో తిరిగొస్తే, చీటీ చూసి ఇది మూడో మిషనుదని లోపలికిస్తాది."

"నువ్వు ఉత్తరాలు పంచినట్ల, అంతేనా అబ్బా?"

"అంతే. కాకుంటే నాకు ఇరవై ఏండ్ల ఉత్తరాలు గుర్తుండాయి. దానికి మాట అయిపోయిన కాసేపటికే చీటీ చెరిగిపోతాది, మన సందులో మతిమరుపు బిస్మిల్లా బీ అవ్వ మాదిరి."

మాబున్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఆడవాళ్ల వేళ. గల్ఫులో ఉన్న భర్తలతో మాట్లాడటానికి వచ్చేవారు. వచ్చినవాళ్ల పేర్లన్నీ పుస్తకంలో రాయాలని పోలీసుల మాట. కానీ ఎన్నికల రోజుల్లో రెండు పార్టీల మనుషులూ అంగట్లో దూరి ఆ పుస్తకం తిరగేసేవారు. ఏ ఇంటి ఆడమనిషి ఏ పూట వచ్చిందో పైకి చదివి ఇకిలించేవారు. అప్పటి నుంచి ఆడవాళ్లెవరు వచ్చినా తన పేరే రాయమన్నాడు సలాం.

ఆ మెయిలు పోయింది ఒక మంగళవారం, మూడుంబావుకు. లైను ఇచ్చినవాళ్లు పోలీసులకు చెప్పగలిగింది అంగడి నంబరు ఒక్కటే. ఏ మిషనో చెప్పే చీటీ పెట్టెలో ఎప్పుడో చెరిగిపోయింది. ఎస్సై వచ్చి పుస్తకం తెరిచాడు. ఆ వేళకు ఐదు వరుసల్లో ఐదుసార్లు అబ్దుల్ సలాం.

"ఏమప్పా, ఒక్క మనిషివి ఐదు మిషన్ల ముందర ఎట్ల కూర్చుంటివి? ఐదు తలకాయలుండాయా నీకు?"

ఎస్సై పుస్తకాన్ని సలాం ముందుకు నెట్టాడు.

"కూర్చునిందెవరో చెప్పు. చెప్పకుంటే స్టేషనుకు నడువు."

మాబున్నికి ఆ ఐదు పేర్లూ తెలుసు. వాళ్లలో ఆ మెయిలు రాసిందెవరో మాత్రం నేటికీ తెలియదు. పేర్లు బయటపడితే ఆ నాయకుడి మనుషులు ఐదిళ్ల మీదికీ వస్తారు. ఆమె పెదవి కదిలింది. తండ్రి ఆమె వైపు చూశాడు.

"ఎవురూ లేరు సార్. అన్నీ నేనే రాసుకున్న్యా. ఈ బిడ్డ ఆ పొద్దు అంగట్లోనే లేదు."

ఆయన్ను స్టేషనుకు తీసుకుపోయి, తొమ్మిది రోజుల తర్వాత వదిలిపెట్టారు. కేసు ఎటూ తేలలేదు. లైను కోసేశారు. సందులో ఎవరూ ఆయన చేత జాకెట్టు ముక్క కూడా కుట్టించుకోలేదు. ఆ ఐదుగురిలో సైదున్నీసా ఒక్కతే వచ్చి, గడప అవతల నిలబడి ఏడ్చి వెళ్లింది. మరుసటి ఎండాకాలానికి సలాం పోయాడు. జనాజా మోయడానికి మనుషులు చాలక చాపాడు నుంచి బంధువులను పిలిపించారు.

ఆ మంగళవారం పొద్దంతా ఆయన జమ్మలమడుగులో ఉన్నాడు. కుట్టుమిషను బాగుకిచ్చి, అయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు. అంగట్లో ఉండి ఆయన పేరు ఐదుసార్లు రాసింది మాబున్ని.