అన్నయ్య బిగించిన గాలి గొట్టం

ఆ పేటలో ఆమెను అందరూ మిషన్లమ్మ అంటారు. ఇరవై ఆరేళ్లుగా కుట్టుమిషన్లు బాగుచేస్తోంది. బట్టల కార్ఖానాల నుంచి వచ్చే మిషన్ల పొట్టలో నూలు పీచు గడ్డకట్టుకుని ఉంటుంది. దాన్ని ఊదిపారేయాలంటే గట్టి గాలి కావాలి. ఇన్నాళ్లూ వీధి చివరి టైర్ల షాపుకు మోసుకెళ్లి గాలి కొట్టించుకునేది. ఆ షాపు మూతపడింది. ఇక లాభం లేదని యాభై లీటర్ల ట్యాంకున్న కంప్రెసర్ ఒకటి కొని గ్యారేజీలో దింపించుకుంది.

దాంతో భర్త కారు వీధిపాలయింది. “నా కారుకు ఎండా వానా, నీ మిషన్లకు నీడా!” అని ఆయన రెండు రోజులు సణిగాడు. ఆ సణుగుడు ఆమెకు అలవాటే. అసలు తలనొప్పి అన్నయ్య రూపంలో వచ్చింది.

అన్నయ్య నీళ్ల పైపుల ఫిట్టరు. ముప్పై ఎనిమిదేళ్లు చేసి, ఏడాది కిందట ఉన్నట్టుండి పని మానేశాడు. చెల్లెలు కంప్రెసర్ కొన్నదని తెలియగానే పొద్దున్నే పానాల సంచీ భుజాన వేసుకుని దిగాడు.

“నువ్వు పక్కకు తప్పుకో. గొట్టాలు నా పని.”

“నీళ్లు వేరు, గాలి వేరు అన్నయ్యా. అతుకులకు తెల్ల టేపు చుడితే చాలు. తెచ్చిపెట్టాను కూడా.”

“టేపా? పైపుల అతుకులకు నేను చుట్టిన జనపనార సగం ఊరి నీళ్లను ఆపుతోందే ఇప్పటికీ!”

ట్యాంకు దగ్గర మొదలుపెట్టి, గోడ వెంబడి, కిటికీ మీదుగా ఆమె పనిబల్ల దాకా ఇనప గొట్టం లాగాడు. మధ్యలో తొమ్మిది అతుకులు, అన్నిటికీ నారే. సాయంత్రానికి స్విచ్చి వేశారు. గేజీలో ముల్లు ఎనిమిది దాకా ఎక్కింది, మోటారు ఆగింది. అన్నయ్య మీసం దువ్వుకున్నాడు. టీ గ్లాసు సగం కాకముందే మోటారు దానంతటది మళ్లీ గర్రుమంది.

“ఎక్కడో గాలి పోతోంది,” అందామె.

“ఎక్కడ? సడీ చప్పుడూ లేదుగా.”

“స్‌స్‌ మంటుంటే వినపడట్లా?”

“నీ భ్రమ. కొత్త మోటారు, నాలుగు రోజులు అలాగే ఉంటుంది.”

మర్నాడు తప్పు మోటారుదన్నాడు. ఆ మర్నాడు గేజీదన్నాడు. అమ్మిన షాపుకు వెళ్లి, పాపం అక్కడి కుర్రాడితో గంటసేపు పోట్లాడి కొత్త గేజీ తెచ్చాడు. మోటారు మాత్రం నాలుగు నిమిషాలకోసారి లేచి కూర్చుంటూనే ఉంది. లోపలి గదిలోంచి అత్తగారు, “అమ్మాయ్, ఆ ఏనుగును కాసేపు పడుకోబెట్టవే, నా కన్ను అంటుకోవట్లేదు!” అని అరిచింది. ఆరు మిషన్లు ఇచ్చిన కార్ఖానా సూపర్‌వైజరు పొద్దుట్నుంచి రెండుసార్లు ఫోన్ చేశాడు. నీళ్లకు ఉబ్బే నార గాలికి ఉబ్బదని, అది తీసేసి టేపు చుట్టమని ఆమె నెత్తీ నోరూ కొట్టుకుంది. అన్నయ్య పట్టిన పట్టు వదల్లేదు.

మూడో రోజు మధ్యాహ్నం, కిటికీ పక్క అతుకును ఇంకొంచెం బిగిద్దామని అతను పానా తిప్పాడు. గాలి ఆగలేదు సరికదా, బుస్సుమని ఎగదన్నింది. వీధిలో కారు తుడుచుకుంటున్న భర్త, “ఏమైందే?” అని తొంగిచూశాడు. ఆ అతుకు అన్నయ్య చెవికి జానెడు దూరంలో ఉంది. అతను మాత్రం నింపాదిగా పెన్సిలుతో గోడ మీద గీత గీసుకుంటున్నాడు.

ఆమె కంప్రెసర్ ఆపి, వెనకనుంచి మామూలు గొంతుతో పిలిచింది. “అన్నయ్యా.” పలకలేదు. మళ్లీ పిలిచింది. భుజం మీద చెయ్యి వేస్తేగాని తిరగలేదు.

“ఎన్నాళ్ల నుంచి?” ఎదురుగా నిలబడి అడిగింది.

“ఏది?”

“ఈ వినపడకపోవడం.”

అన్నయ్య పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. స్టూలు మీద కూలబడ్డాడు. “సన్న చప్పుళ్లు పోయి మూడేళ్లయింది. రోడ్లు పగలగొట్టే మిషను పక్కన అన్నేళ్లు నిలబడితే ఇంకేం మిగుల్తాయి? ఒకప్పుడు గొట్టానికి చెవి ఆనించి, లీకు ఎక్కడుందో అడుగు తేడా లేకుండా చెప్పేవాణ్ణి. పోయినేడు తప్పు చెప్పాను. వీధి వీధంతా తవ్వించాను, లీకు పక్క వీధిలో ఉంది. ఆ మర్నాడే మానేశా. మీ వదినకు చెప్పకు.”

ఆమెకు జాలి వేసింది. కోపం మాత్రం తగ్గలేదు, ఇంకో మెట్టు ఎక్కింది.

“ఒక్క మాట చెబితే పోయేదానికి మూడు రోజులు నా ప్రాణం తోడేశావు కదయ్యా! నేనేమన్నా పరాయిదాన్నా?”

సమాధానం కోసం ఆగలేదు. గిన్నెలో సబ్బు నీళ్లు కలుపుకొచ్చి, పాత రంగు కుంచె అతని చేతిలో పెట్టి, కంప్రెసర్ మళ్లీ ఆన్ చేసింది. “వినక్కర్లేదు. కళ్లున్నాయిగా, చూడు.”

అన్నయ్య ఒక్కో అతుక్కీ నురగ పూసుకుంటూ వెళ్లాడు. తొమ్మిదిట్లో ఏడు బుడగలు కక్కాయి. కిటికీ పక్కదైతే నురగనంతా అతని చొక్కా మీదికే ఊదింది. ఆమె మోటారు ఆపి ట్యాంకులో గాలంతా వదిలేసింది. ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని ఆ ఏడు అతుకులూ విప్పి, నార పీకి, టేపు చుట్టి బిగించారు. బుడగలు రాని ఆ రెండింటినీ మాత్రం అన్నయ్య ముట్టుకోనివ్వలేదు. “అవి బాగానే ఉన్నాయిగా!” అని అడ్డం కూర్చున్నాడు. ఆమె పళ్లు కొరుక్కుని వదిలేసింది.

ఈసారి ముల్లు ఎనిమిది మీద నిలబడి గంటైనా కదల్లేదు. సాయంత్రానికి రెండు మిషన్లు శుభ్రమయ్యాయి.

వదినకు చెప్పే పని మాత్రం ఆమె అన్నయ్యకు వదల్లేదు, తనే చెప్పేసింది. తర్వాతి వారం ఇద్దరూ కలిసి అతన్ని చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లారు. దారి పొడుగునా అలిగి కూర్చున్నాడు. లోపలికి వెళ్లాక రెండు నిమిషాలకే చెల్లెలి వైపు తిరిగి, గది దద్దరిల్లేలా అన్నాడు.

“ఈయనేమిటే, కావాలని గొణుగుతున్నాడు!”

డాక్టరు ఓపిగ్గా నవ్వాడు. వదినా మిషన్లమ్మా ఒకేసారి తలలు పట్టుకున్నారు.