సగం చూసిన ఫ్రెంచి సినిమా

డెబ్భయ్యో దశకం చివర్లో మేము డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మా వారు కార్ల కంపెనీలో ఇంజనీరు. నేను అమెరికా వచ్చి ఏడాదిన్నర. ఉద్యోగం లేదు, డ్రైవింగ్ రాదు. మా వారితో ఇంజనీరింగ్ చదివిన ఒకతను అదే ఊళ్ళో వేరే కంపెనీ డిజైన్ సెక్షన్‌లో చేరి, ఇల్లు దొరికేదాకా అంటూ మా హాల్లో సోఫా మీద దిగాడు. రెండు వారాలన్నాడు, ఏడు నెలలున్నాడు.

మనిషి నెమ్మదస్తుడు. తిన్న కంచం కడిగి పెట్టేవాడు. నన్ను "వదినా, మీరు" అని మర్యాదగా పిలిచేవాడు. అందుకే నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఒక జనవరి శనివారం మధ్యాహ్నం మా ఊరి లైబ్రరీ హాల్లో ఫ్రెంచి సినిమా వేస్తున్నారంటే ముగ్గురం వెళ్ళాం. ఒక రేవు ఊరు. అక్కడ పడవ టికెట్లు అమ్మే అతను రోజూ అవతలి ఒడ్డుకి వెళ్ళే ఒక టీచరమ్మ మీద మనసు పడతాడు. ఆమె అతన్ని సరిగా చూడను కూడా చూడదు. అతను ఆమె ఇంటికి మారు తాళంచెవి చేయించుకుని, ఆమె లేనప్పుడు లోపలికెళ్ళి, కారుతున్న కుళాయి బాగుచేసి, మొక్కలకి నీళ్ళు పోసి వచ్చేస్తుంటాడు. సినిమా అక్కడిదాకా వచ్చేసరికి బయట మంచు ముదిరింది. లైబ్రరీవాళ్ళు లైట్లు వేసి, రోడ్లు మూసుకుపోకముందే అందరూ ఇళ్ళకి వెళ్ళిపొమ్మన్నారు.

కార్లో వస్తుంటే అతను వెనక సీట్లోంచి, "ప్రేమంటే అదీ వదినా! ఏమీ ఆశించకుండా కుళాయి బాగుచేసి వచ్చేశాడు చూడండి" అన్నాడు.

"నా ఇంట్లోకి ఎవడైనా అలా వస్తే నేను పోలీసులకి ఫోన్ చేస్తాను" అన్నాను.

ఇద్దరు మగాళ్ళూ నవ్వారు. మా వారు సినిమాలో సగం నిద్రపోయారు, అయినా నవ్వారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ సినిమా తప్ప ఇంకో మాట లేదు. మిగతా కథ అతనే అల్లేసుకున్నాడు. చివరికి ఆ టీచరమ్మకి తెలుస్తుందిట, కన్నీళ్ళు పెట్టుకుంటుందిట, ఇద్దరూ పడవెక్కుతారుట. ఇడ్లీ తింటున్నా అదే, బట్టలు మడతపెడుతున్నా అదే. విని విని నా ప్రాణం విసిగిపోయింది. ఒకరోజు, "ఆఫీసులో నాకూ ఒక ఫ్రెండ్ ఉంది వదినా. డ్రాఫ్టింగ్ చేస్తుంది. మన స్వీట్స్ అంటే ఇష్టం" అన్నాడు. ఓహో, మన వాడికి ఒక తోడు దొరికింది, త్వరలో సోఫా ఖాళీ అవుతుందని సంబరపడ్డాను. కజ్జికాయలు చేసి డబ్బాలో పెట్టిచ్చాను. తర్వాత మినప సున్నుండలు. తర్వాత మళ్ళీ కజ్జికాయలు, మళ్ళీ సున్నుండలు. డబ్బాలు తిరిగి రాకపోతే, ఇష్టంగా తింటోంది కదా అనుకున్నాను.

మే నెలలో ఒక శనివారం మా వారికి ఓవర్‌టైమ్ ఉంటే, సరుకుల కోసం నన్ను అతను తీసుకెళ్ళాడు. గాలన్ పాలు, ఐస్‌క్రీమ్ డబ్బా కొన్నాను. తిరిగి వస్తూ తెలియని వీధిలోకి తిప్పి, ఒక ఎర్ర ఇటుకల ఇంటికి ఎదురుగా కారు ఆపాడు.

"ఫైవ్ మినిట్స్ వదినా."

"ఎవరిల్లు?"

"ఫ్రెండ్‌ది."

దిగలేదు, హారన్ కొట్టలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఆ ఇంటి తలుపు చూస్తూ కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు గడిచాయి. నా ఒళ్ళో ఐస్‌క్రీమ్ కరిగి చీరకి అంటుకుంటోంది. "పోదామా?" అని మూడుసార్లు అడిగాను. "వస్తుంది, వస్తుంది" అన్నాడు.

వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, పొట్టి జుట్టు, చేతిలో ఒక కాగితం సంచి. తిన్నగా నా వైపు వచ్చి అద్దం మీద తట్టింది. దించాను.

"మీరు ఇతని భార్యా?" అని అడిగింది ఇంగ్లీషులో.

"కాదు! మా వారి స్నేహితుడు. మా ఇంట్లో ఉంటాడు."

"అయితే మీరు చెప్పండి, నేను చెప్తే వినడం లేదు. మూడు నెలల నుంచి వస్తున్నాడు. వద్దని చెప్పాను. రాసి కూడా ఇచ్చాను. చలికాలంలో నేను లేనప్పుడు మెట్ల మీద మంచు తీశాడు. పోయిన వారం పెరట్లో పూలమొక్కలు నాటాడు. మా అమ్మ కిటికీలోంచి చూసి భయపడి మా అక్క ఇంటికి వెళ్ళిపోయింది." సంచి నా ఒళ్ళో పెట్టింది. "ఇవి మీవే అనుకుంటా. నేను తెరవలేదు."

నా డబ్బాలు నాలుగూ అందులో ఉన్నాయి. సారీ అందామనుకున్నాను, ఆమె అప్పటికే వెనక్కి తిరిగి ఇంట్లోకెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు రోడ్డు మీదికి వినిపించింది.

అతను నా వైపు తిరిగి, "చూశారా వదినా, కోపంలో ఎంత బాగుందో!" అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ముందు కారు పోనీ" అన్నాను. అంతవరకూ నేను అతనితో ఏకవచనంలో మాట్లాడి ఎరగను.

సాయంత్రం మా వారికి చెప్పాను. ఆయన బూట్లు విప్పుకుంటూ, "పాపం, వాడు మంచివాడే" అన్నారు. "సిగరెట్ కూడా కాల్చడు."

"సిగరెట్ కాల్చేవాడైతే నయం, ఆ మంటన్నా కనిపించేది. ఆవిడ భయపడుతోందండీ."

"గట్టిగా నో చెప్పి ఉండదు."

"రాసిచ్చిందిట! ఇంకెలా చెప్పాలి, డప్పు కొట్టాలా?"

"సరేలే, నేను మాట్లాడతాను."

మాట్లాడారు. బాల్కనీలో ఇద్దరూ గంటసేపు కూర్చుని, హాస్టల్ మెస్సులో సాంబారు గురించి పకపకా నవ్వుకుని లోపలికొచ్చారు. "అయిపోయింది, వాడికి అర్థమైంది" అన్నారు మా వారు. రెండు రోజులకి అతను నర్సరీ నుంచి గులాబీ అంటు తెచ్చి కారు డిక్కీలో పెట్టుకున్నాడు.

అదే వారం లైబ్రరీ నోటీసు బోర్డు మీద, మంచు వల్ల ఆగిన సినిమాని మళ్ళీ వేస్తున్నామని పెట్టారు. చివరిదాకా చూస్తే బుద్ధి వస్తుందేమోనని పట్టుబట్టి తీసుకెళ్ళాను. చివర ఏమవుతుందంటే, ఆ టికెట్లతను ఆమెకి కాబోయే భర్తని నీళ్ళలోకి తోసి చంపేస్తాడు. ఆమెకి తాళంచెవి దొరుకుతుంది. అన్నీ అర్థమై, పడవలో వణుకుతూ అతని పక్కనే కూర్చుని, అవతలి ఒడ్డున పోలీసులకి అప్పగిస్తుంది. తర్వాత ఇంటికొచ్చి తలుపుకి వీపు ఆనించి నేల మీద కూలబడుతుంది. అంతే సినిమా.

బయటికొచ్చాక అతను చాలా దూరం మాట్లాడలేదు. అమ్మయ్య అనుకున్నాను. కారు దగ్గరికొచ్చాక అన్నాడు: "ఎండింగ్ పాడుచేశాడు."

"మనిషిని చంపాడయ్యా!"

"ఆమె ముందే అర్థం చేసుకుని ఉంటే అంతదాకా వచ్చేది కాదు కదా వదినా."

నెత్తీ నోరూ కొట్టుకోవాలనిపించింది.

సోమవారం వాళ్ళిద్దరూ ఆఫీసులకి వెళ్ళాక, మా ఫోను పక్కనున్న పుస్తకంలో అతని చేతిరాతతో ఉన్న ఆమె నంబరుకి ఫోన్ చేశాను. ఆ రోజు ఆమె పనికి వెళ్ళలేదు. పైవాళ్ళకి కంప్లైంట్ ఇచ్చానని, అతను చాలా మర్యాదస్తుడు, నువ్వే ఏదో ఊహించుకుంటున్నావు అంటున్నారని చెప్పింది. "మీరు కారులో ఉన్నారు. చూసినది వచ్చి చెప్తారా?"

"నాకు డ్రైవింగ్ రాదు" అన్నాను.

"నేను తీసుకెళ్తాను."

మర్నాడు ఆమె కారులోనే వెళ్ళాను. ఆమె ప్రతి ఎర్ర లైటు దగ్గరా వెనక అద్దంలోకి చూసుకోవడం గమనించాను. ఆఫీసులో వాళ్ళ సూపర్‌వైజరు ముందు నాలుగు డబ్బాల సంగతి, ఇరవై నిమిషాల సంగతి, గులాబీ అంటు సంగతి చెప్పాను. నా ఇంగ్లీషు తడబడింది కానీ విషయం తడబడలేదు.

కంపెనీవాళ్ళు అతన్ని తీసెయ్యలేదు. వార్నింగ్ ఇచ్చి ఒహాయోలో ఉన్న ప్లాంటుకి మార్చారు. అతను నాతో మాట్లాడకుండా రెండు సూట్‌కేసులు సర్దుకుని వెళ్ళిపోయాడు. మా వారు పదకొండు రోజులు అన్నం పెట్టమని కూడా అడగలేదు, తనే పెట్టుకుని తిన్నారు. తెలుగువాళ్ళ ఇళ్ళలో విందులకి వెళ్తే, "వీసా పోయుంటే ఏమయ్యేది? సాటి తెలుగువాడి పొట్ట కొట్టొచ్చా?" అని అక్కడివాళ్ళు నా ముఖం మీదే అన్నారు. వాళ్ళలో ఒక్కరు కూడా ఆ ఇటుకల ఇంటి అమ్మాయి ఎలా ఉందని అడగలేదు. ఆమె ఆ వేసవిలోనే ఇల్లు మారింది. ఎక్కడికో నాకూ చెప్పలేదు. చెప్పకపోవడమే సబబు. నేను ఆ ఏడాదే డ్రైవింగ్ నేర్చుకున్నాను.

ఆరేళ్ళకి అతను భార్యతో, మూడేళ్ళ కూతురితో మా ఇంటికి భోజనానికొచ్చాడు. ఏమీ జరగనట్టు "వదినా" అన్నాడు. పప్పు కలుపుకుంటూ, తను ఒకప్పుడు ఒక అమెరికన్ అమ్మాయిని ప్రేమించానని, వదిన అడ్డుపడిందని జోకులా చెప్పాడు. మా వారు నవ్వబోయి నా ముఖం చూసి మానేశారు.

గిన్నెలు తీస్తుంటే అతని భార్య నా వెనకే వంటింట్లోకి వచ్చింది. "నిజమేనా అక్కా? ఈయన అంత రొమాంటిక్కా?"

"లేదమ్మా. ఆవిడ ఈయనంటే భయపడి చచ్చేది" అన్నాను.

ఆ అమ్మాయి చేతిలో గిన్నె తుడిచి బోర్లించింది. తర్వాత మామూలుగా, "ఫోన్ రెండో రింగుకి తియ్యకపోతే ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేస్తారు. బాత్రూమ్‌లో ఉన్నానన్నా నమ్మరు" అంది.

నా నంబరు కాగితం మీద రాసిచ్చాను. రెండుసార్లు చదువుకుని, కాగితం నాకే తిరిగిచ్చేసింది. "గుర్తుంటుందిలే అక్కా."

ఏడాది తిరక్కుండా ఒక ఉదయం ఫోన్ చేసింది. నేను ఇంకా రిసీవరు పెట్టకముందే మా వారు కారు తాళాలు తీసుకున్నారు. నాలుగు గంటలు డ్రైవ్ చేసి తల్లినీ పిల్లనీ మా ఇంటికి తెచ్చారు. ఆ వారమంతా మా ఫోను మోగుతూనే ఉంది. మొదట్లో నేనే తీసి పెట్టేసేదాన్ని. అయిదో రోజు మా వారు నా చేతిలోంచి రిసీవరు లాక్కుని, "ఆ అమ్మాయి రానంది. రాదు. ఇంక చెయ్యకు" అని పెట్టేశారు.

ఆ మాట ఆయన నోటి నుంచి రావడానికి ఏడేళ్ళు పట్టింది.