కుంట పీరియడు

పోయిన వారం మా మనవరాలు, అంటే మా అమ్మాయి కూతురు, ఆరో తరగతి చదువుతున్న పిల్ల, బడి నుంచి వస్తూనే సంచీని సోఫా మీదికి విసిరేసి, సైన్సు ప్రాజెక్టు ఇచ్చారనీ, ఇంటి చుట్టుపక్కల ఒక ఫుడ్ చెయిన్‌ను స్వయంగా చూసి బొమ్మ గీసుకుని రావాలనీ ప్రకటించింది. మా అల్లుడు ఫోనులోంచి తల ఎత్తకుండానే, తార్నాక చౌరస్తా దగ్గర స్టేషనరీ కొట్లో గడ్డీ మిడతా కప్పా పామూ గద్దా అన్నీ రంగుల్లో అచ్చేసిన చార్టు దొరుకుతుంది, కత్తిరించి అంటించేస్తే సరి అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. జన్మంతా సైన్సు పాఠాలు చెప్పిన దాన్ని నేనిక్కడ గుండ్రాయిలా కూర్చునుంటే, చూసి రాయమన్నదాన్ని కొనుక్కొచ్చి అంటిస్తారా? అల్లుడని కూడా చూడకుండా నాలుగు మాటలు అనేశాను. పాపం, అతను కాఫీ కలపడానికి లేచాడు. ఆ ఊపులోనే, ఆదివారం పొద్దున్నే దాన్ని యూనివర్సిటీ క్యాంపస్ వెనకాల ఉన్న మా బడి కుంట దగ్గరికి తీసుకెళ్తానని మాట ఇచ్చేశాను.

ఇచ్చాక గానీ గుర్తు రాలేదు, ఆ కుంట మొహం చూసి నాకు చాలా ఏళ్ళయిందని. కుంట పాడైపోయిన సంగతి నాకు తెలియనిది కాదు. కానీ ఎదురింటావిడ వాకింగు నుంచి వచ్చినప్పుడు, కుంట చుట్టూ కంచె వేశారట, బాగుచేస్తున్నారట అన్న మాట ఒకటి నా చెవిన పడి ఉంది. ఆ "అట" ను పట్టుకుని వారమంతా ఎంత ఆశపడ్డానో చెబితే నవ్విపోతారు. ఈ పిల్లకు ఒక్క తోకకప్పనైనా చూపించి పోవాలని, ఈ వయసులో నాకు మరే కోరికా లేనట్టు, అదే ధ్యాస అయిపోయింది.

నా ఈడువాళ్ళకు అప్పటి తార్నాక గురించి చెప్పనక్కర్లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నల్లకుంట నుంచి సిటీ బస్సులో వచ్చి దిగితే, క్యాంపస్ లోపలికి అడుగు పెట్టగానే ఎండ తగ్గిపోయేది. రాళ్ళ గుట్టల మధ్య సీతాఫలం పొదలు, ఎక్కడో నెమలి అరుపు, సైకిళ్ళ మీద పరిశోధన విద్యార్థులు, చెట్ల కింద చదువుకుంటూ చదువుకుంటూ నిద్రపోయిన వాళ్ళు. ఆ దారంతా నడిచి, వెనక గోడకు ఉన్న చిన్న సందులోంచి దూరితే మా బడి. గేటు నుంచి వెళ్ళొచ్చు గానీ చుట్టుదారి, అందుకని పంతుళ్ళూ పిల్లలూ అందరూ ఆ సందులోంచే దూరేవాళ్ళం. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, టిఫిన్ డబ్బా ఒక చేత్తో పట్టుకుని నేను దూరుతుంటే పిల్లలు అవతల నిలబడి నమస్తే టీచర్ అనేవాళ్ళు. బడి వెనకాల, కాలనీకీ మాకూ మధ్య పల్లంలో, ఆ కుంట ఉండేది. గుట్టల మీద పడిన వాన అంతా జారి అందులోకి చేరేది.

మా పెద్దసారు, అంటే నాకంటే ముందు నుంచీ అక్కడ సైన్సు చెబుతున్న పెద్దాయన, తెలంగాణ పల్లె నుంచి వచ్చిన మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. ఆయనకు ఒక పిచ్చి ఉండేది, ఏది కనబడినా బాణం గుర్తు గీసి పేరు రాయకపోతే ఊరుకునేవారు కాదు. బడి వేపచెట్టుకు చిన్న రేకు ముక్కలు కట్టి కాండం, కొమ్మ, బెరడు అని రాశారు. కిటికీకి గాలి వచ్చే దారి అని రాశారు. ఆఖరికి తన టిఫిన్ డబ్బా మూత మీద కూడా పిండిపదార్థం అని రాసుకుంటే, మేము స్టాఫ్‌రూంలో పడీ పడీ నవ్వాం. ఆయనా నవ్వారు గానీ చెరపలేదు. పేరు రాస్తే మనుషులు చదువుతారు, చదివితే అర్థం చేసుకుంటారు, అర్థమైతే దాని ప్రకారం నడుచుకుంటారు అని ఆయన నమ్మకం. సైన్సు పంతుళ్ళకు తప్ప ఇంకెవరికీ ఉండని నమ్మకం అది.

ఆయన పెట్టిన ఆచారమే కుంట పీరియడు. టైంటేబుల్లో లెక్కలు, హిందీ పక్కన అలాగే రాసి ఉండేది. తొలకరి వానలు పడి కప్పల బెకబెకలు మొదలవగానే, ఏడో తరగతి పిల్లలను వరసగా కుంట గట్టుకు తీసుకెళ్ళి, పాత గాజు సీసాల్లో కప్ప గుడ్లు, కుంట నీళ్ళూ పాచితో సహా, తెచ్చి తరగతి కిటికీలో పెట్టించేవారు. నల్ల చుక్కలున్న సగ్గుబియ్యం పాయసంలా ఉండేవి ఆ గుడ్లు. అవి తోకకప్పలై, కాళ్ళు మొలిచి, తోక పోయేదాకా పిల్లలకు వేరే పాఠం ఎక్కేది కాదు. తర్వాత ఎవరి సీసా వాళ్ళు మోసుకెళ్ళి, ఎక్కడ ముంచారో అక్కడే వదలాలి. "తెచ్చుకున్నదాన్ని మళ్ల గాడ్నే ఇడ్సి రావాలె" అనేవారు సారు. ఒకసారి ఒక పిల్ల వదిలిన కప్పను కళ్ళముందే కొంగ ఎగరేసుకుపోతే, ఆ పిల్ల గట్టు మీద కూలబడి రాగాలు తీసింది. సారు పక్కనే చతికిలబడి, "ఏడ్వకు బిడ్డా, కొంగకు గూడ బువ్వ గావాలె గద" అని, జేబులోంచి సుద్దముక్క తీసి అక్కడి బండ మీదే గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అని బాణాలు గీశారు.

పుస్తకాల్లో ఆహారపు గొలుసు గద్దతో ఆగిపోతుంది చూడండి, ఆయన అక్కడ ఆగేవారు కాదు. మరి గద్ద సచ్చినంక, అని అడిగేవారు. మట్టి సార్, అని పిల్లలందరూ గొంతులు చించుకునేవారు. మట్టి అయినంక? గడ్డి సార్! అప్పుడు ఆఖరి బాణాన్ని గుండ్రంగా తిప్పి మొదటి పేరుకు కలిపేవారు. నేను కూడా తర్వాత నా తరగతుల్లో అలాగే అడిగేదాన్ని. నా నోట్లో ఆ "సచ్చినంక" సరిగ్గా పలికేది కాదు, పిల్లలు ముసిముసిగా నవ్వేవాళ్ళు.

ఆ ఆఖరి బాణాన్ని కళ్ళారా చూపించడానికే ఆయన కుంట గట్టుకు ఇవతల ఒక గుంత తవ్వించారు. మధ్యాహ్నం డబ్బాల్లో మిగిలిన మెతుకులు, అరటి తొక్కలు, విస్తరాకులు, రాలిన వేపాకు అన్నీ అందులో వేసి పైన మట్టి చల్లితే, మరుసటి వానలకు నల్లటి ఎరువు. దాంతో పెంచిన మడిలో గోంగూర మా మోకాళ్ళ దాకా వచ్చేది, ఎవరూ వేయని టమాటా మొక్కలు వాటంతటవే లేచేవి. కాలనీవాళ్ళు గట్టు మీద నిలబడి చూసి మెచ్చుకున్నారు. మా ఇంటి తొక్కలు కూడా తెచ్చి వేయమంటారా అని ఒకావిడ అడిగితే, సారు సంతోషంతో ఉబ్బితబ్బిబ్బయిపోయారు. జనం తమంతట తాము నేర్చుకుంటామంటే పంతులుకు ఇంకేం కావాలి? ఆ సాయంత్రమే పెద్ద రేకు మీద పచ్చ రంగుతో "తడి చెత్త ఇక్కడ వేయండి" అని రాసి, గుంత వైపు బాణం గీసి, కాలనీ రోడ్డు మీదికి కనబడేలా పాతించారు.

జనం ఆ బోర్డులో "తడి" అన్న మాట చదవలేదు. "చెత్త" చదివారు, బాణం చూశారు.

ముందు తొక్కలు వచ్చాయి, తర్వాత తొక్కలు ప్లాస్టిక్ కవర్లో ముడివేసి వచ్చాయి, తర్వాత వట్టి కవర్లే వచ్చాయి. స్కూటరు ఆపకుండా విసిరేసి పోయేవాళ్ళు, గుంతలో పడితే పడ్డట్టు, లేకపోతే కుంటలో పడ్డట్టు. మేమూ పిల్లలూ కవర్లు విప్పి వేరు చేసి వేరు చేసి విసిగిపోయాం. ఒకరోజు ఫంక్షన్ హాలు ట్రాలీ వచ్చి, పెళ్ళి భోజనాల ప్లాస్టిక్ విస్తళ్ళూ గ్లాసులూ బిర్యానీ ఎముకలూ మొత్తంగా కుమ్మరించి పోయింది. ఆ తర్వాత ఆ స్థలం చెత్త వేసే చోటు అని ఊరందరికీ ఖాయమైపోయింది. సారు పొద్దున్నే వచ్చి గుంత దగ్గర నిలబడి చేతులు జోడించి దండం పెట్టేవారు. ఒకావిడ మాత్రం బకెట్ దించి, నిజంగానే అర్థం కాక, "బోర్డు మీరే పెట్టిన్రు గద సార్, ఇప్పుడు మీరే వద్దంటే మేమేడ పొయ్యాలె?" అని అడిగింది. ఆ రోజే ఆయన బోర్డు పీకించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది, బోర్డు లేకపోయినా చెత్త ఆగలేదు. ఇక్కడ చెత్త వేయరాదు అని మరో బోర్డు పెట్టారు. మన ఊళ్ళో ఆ బోర్డు ఉన్నచోటే ఎక్కువ వేస్తారని మీకు తెలుసు, నాకు తెలుసు, ఆ అమాయకుడికే తెలియలేదు.

అలా గుంత నిండి, గట్టు నిండి, చెత్త జారి జారి కుంటలోకి దిగింది. నీళ్ళ మీద నూనె తెట్టు కట్టింది, గోంగూర మడి ఎక్కడుండేదో గుర్తుపట్టలేనట్టయింది. అయినా ఆ ఏడు తొలకరికి కప్పలు అరిచాయి. ఎంత సంబరపడ్డామో! పిల్లలను తీసుకెళ్ళాం, ముక్కులు మూసుకుని సీసాలు ముంచి గుడ్లు తెచ్చాం, కిటికీలో పెట్టాం. రోజూ చూశాం. ఆ నల్ల చుక్కలు పెరగలేదు, తెల్లబడ్డాయి. ఒక్క సీసాలో కూడా ఒక్కటీ కదల్లేదు. సారు ఆ పీరియడంతా కిటికీ దగ్గరే కూర్చున్నారు, సుద్దముక్క జేబులోనే ఉండిపోయింది. ఇంటర్వెల్ గంట కొడితే పిల్లలు కూడా అల్లరి చేయకుండా బయటికి నడిచారు. నాకు ఏడుపొచ్చింది, వరండాలోకి వెళ్ళి ఏడ్చాను.

ఆయన రిటైరైన ఏడే టైంటేబుల్లోంచి కుంట పీరియడు తీసేసి కంప్యూటరు పెట్టారు. తప్పనను, పిల్లలకు అదీ కావాలి. రామంతాపూర్‌లో వాళ్ళింటికి నేను అప్పుడప్పుడూ వెళ్ళేదాన్ని. మోకాళ్ళ నొప్పుల గురించి, మెట్రో పనుల దుమ్ము గురించి గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళం గానీ, కుంట ఎట్లున్నదని ఆయన ఒక్కసారీ అడగలేదు, నేనూ ఆ మాట ఎత్తలేదు. అలాగే ఒకరోజు వెళ్ళిపోయారు.

ఇంతకూ ఆదివారం సంగతి. పొద్దున్నే లేచి, హబ్సిగూడలో పిల్లకు ఇడ్లీ తినిపించి, ఇంట్లోంచి తెచ్చిన గాజు సీసా దాని చేతికిచ్చి, గోడ సందు కోసం వెతికాను. సందు పూడ్చేసి ఉంది. చుట్టూ తిరిగి కాలనీ వైపు నుంచి వెళ్ళాం. ఎదురింటావిడ అబద్ధం చెప్పలేదు, కంచె ఉంది. కంచె ఉన్నది చెత్తకుప్ప చుట్టూ. ముందుకు వంగి లోపలికి చూశాను. ఎక్కడైనా కాస్త నీటి మెరుపు కనబడుతుందేమోనని పిచ్చిదానిలా చూశాను. అక్కడ కుంట లేదు, కుప్పే ఉంది, దాని మీద మట్టి పోసి చదును చేసిన చోట బండ్లు నిలబెట్టుకున్నారు. పద ఇంటికి పోదాం అన్నాను. అది కదల్లేదు. చూడు అమ్మమ్మా చూడు అంటూ చెయ్యి పట్టి లాగింది. పొట్లాల్లోంచి జారిన బిర్యానీ మెతుకుల మీద పందికొక్కంత ఎలుకలు తిరుగుతున్నాయి. గోడ మీద పిల్లి కాచుక్కూర్చుంది. పైన గద్దలు చక్కర్లు కొడుతున్నాయి, మా గద్దలే, అన్నేళ్ళకు అవే మిగిలాయి. మేము చూస్తుండగానే ఒకటి సర్రున దిగి ఎలుకను తన్నుకుపోయింది. మనవరాలు చప్పట్లు కొట్టింది. ఖాళీ సీసా నేనే మోసుకొచ్చాను.

ఇంటికొచ్చి బొమ్మ గీసింది. బాణాలు ఎంత తీరుగా గీసిందో, సారు చూస్తే మురిసిపోయేవారు. మొదటి డబ్బాలో, ప్రొడ్యూసర్ అని రాసిన చోట, చెత్త అని రాసింది. రబ్బరు తీసుకుని, కాదమ్మా, ప్రొడ్యూసర్ అంటే పచ్చటి మొక్క, ఎండతో తన ఆహారం తాను తయారు చేసుకునేది అని చెప్పబోయాను. అది నా మొహంలోకి చూసి, "అక్కడ మొక్క ఎక్కడుంది అమ్మమ్మా? చూసిందే రాయాలని నువ్వే కదా డాడీని తిట్టినవ్" అంది. రబ్బరు కింద పెట్టేశాను.

నిన్న ఆ ప్రాజెక్టుకు స్టార్ వచ్చింది. తరగతిలో అందరూ చార్టు కొనుక్కొచ్చి అంటిస్తే ఇదొక్కటే చూసి రాసిందని టీచరు అందరి ముందూ మెచ్చుకుందట. ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. ఇన్నేళ్ళ అలవాటు, నాలుక చివర ఆగలేదు, మరి గద్ద సచ్చినంక అని అడిగాను. ఇప్పుడు కూడా నాకది సరిగ్గా పలకలేదు. పిల్ల ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"చెత్త బండి వస్తది అమ్మమ్మా."

తప్పని ఎలా అనను? మా పిల్లలు మట్టి అని అరిచింది మట్టిని చేత్తో ముట్టుకుని, ఇదీ తాను చూసిందే చెప్పింది. మేము గుండ్రంగా తిప్పి గడ్డికి కలిపిన బాణం, ఇప్పుడు రోజూ పొద్దున్నే పాట పెట్టుకుని మా వీధిలోకి వస్తుంది. నేనూ తడి బుట్ట, పొడి బుట్ట వేరువేరుగా తీసుకుని గేటు దగ్గర నిలబడతాను, సారు శిష్యురాలిని కదా. బండివాడు రెండూ ఒక్కచోటే గుమ్మరించుకుని పోతాడు.