ఆల్బంలో ఆఖరి సెలూన్

ఉదయం ఆరూ నలభైకి సెలూన్ చెక్క తలుపులు తెరుచుకున్నాయి. నేను అప్పటికే మెడలో కెమెరాతో బయట నిలబడి ఉన్నాను. రోడ్డు వెడల్పు చేస్తున్నారనీ, శనివారంతో ఆ షాపు మూసేస్తారనీ ముందురోజు కూరల బజారులో విన్నాను. ఆ రోజు గురువారం.

కెమెరా నాది కాదు. బ్యాంకులో పనిచేసి రిటైరైన నా మిత్రుడిది. కొన్నేళ్లుగా ఆయన పాత సెలూన్ల ఫోటోలు తీస్తూ వచ్చాడు. యలమంచిలి, నక్కపల్లి, మాకవరపాలెం, ఎక్కడ చెక్క కుర్చీ ఉందని తెలిస్తే అక్కడికి వెళ్లేవాళ్లం. మధ్యలో చింతపల్లి రోడ్డు మీద బొంగులో చికెన్ కాల్చే పాకలు కూడా తీశాడు. సెలూన్లో కుర్చీ ఎక్కడం, పాకలో కూర్చుని తినడం నా వంతు. పొగ ఆయనకి, ముక్కలు నాకు. ఒక వారంలో మూడు ఊళ్లలో మూడుసార్లు గడ్డం గీయించుకున్నాను. మూడో చోట గీయడానికేమీ లేక ఆ షాపాయన ఉత్త సబ్బునురగే గీశాడు.

మా నర్సీపట్నంలో ఉన్న ఈ షాపుని మాత్రం ఆఖరికి మిగిల్చాడు. “మనూరే కదా, తీరిగ్గా తీద్దాం” అన్నాడు. దీనికోసం ఆల్బంలో చివరి పేజీ ఖాళీగా ఉంచాడు. పదమూడు రోజుల కిందట పోయాడు. ఆ పేజీ నింపాలి. అందుకే వచ్చాను.

సంగతి చెప్పగానే షాపాయన లోపలికి వెళ్లి తెల్లచొక్కా వేసుకొచ్చాడు. తల దువ్వుకుని, గోడకి ఆనుకుని, చేతులు రెండూ కిందికి చాపి నిలబడ్డాడు.

“తియ్యండి మేస్టారూ.”

“ఇలా కాదండీ. మీరు పని చేస్తూ ఉండాలి.”

“పని సెయ్యాలంటే తల ఉండాల కదండి.”

బెంచీ మీద పేపరు చదువుకుంటున్న చెరకు రైతు కేసి ఇద్దరం చూశాం. ఆయన తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చూపించాడు. నున్నగా ఉంది.

“గెడ్డం నిన్ననే గీసీసినాడు. నాను పేపరుకొచ్చినాను” అన్నాడు.

దాంతో కెమెరా రైతు చేతిలోకి వెళ్లింది, నేను కుర్చీలోకి వెళ్లాను. ఎక్కడ నొక్కాలో చూపించాను.

షాపాయన నా మెడకి గుడ్డ కట్టి, నురగ రాసి, కత్తి గొంతు మీద పెట్టాడు. రైతు కెమెరా ఎత్తాడు. కత్తి ఆగిపోయింది. షాపాయన ఊపిరి కూడా బిగపట్టాడు.

“ఏటి మావా, అలా బిగుసుకుపోనావు? గియ్యి!” అన్నాడు రైతు.

“ఫోటో తీసినప్పుడు కదిల్తే పాడైపోద్ది. నా పెళ్లికి స్టూడియో ఆయన సెప్పినాడు.”

“అప్పట్నుంచీ కదల్లేదేటి నువ్వు?”

“నవ్వించకల్లుడా, ఇక్కడ మేస్టారి పీకుంది.”

నా అభిప్రాయమూ అదే. పెదవి కదపకుండా ఊరుకున్నాను.

ఇలా పదకొండు ఫోటోలయ్యాయి. అన్నిట్లోనూ ఆయన ఓటరు కార్డు మీద ఉన్నట్టున్నాడు. నేను పోలీసులకి దొరికినట్టున్నాను.

పన్నెండోది తీసేలోపు షాపాయన నా చెంప తడిమి చూశాడు. “ఇంత పెంచీసినారేటండి? ఇంట్లో ఎవులైనా పోనారా?”

“ఇంట్లో కాదు. ఈ ఫోటోలు తీసే ఆయన కోసం.”

“పోనారని ఇన్నానండి. ఆయన మీకేటవుతారు?”

“ఏమీ కారు. స్నేహితుడు.”

“మరి గెడ్డమెందుకండి?”

బంధువు పోతే మైల ఉంటుంది, పదో రోజు ఉంటుంది, ఆ రోజు గడ్డం తీయించేవాళ్లుంటారు. స్నేహితుడికి ఇవేవీ లేవు. మొదటి రోజు గీసుకోలేదు. ఆ తర్వాత ఎప్పుడు గీసుకోవాలో చెప్పేవాళ్లు లేరు. చదివిన పుస్తకాల్లోనూ దొరకలేదు.

“ఇయాళెన్నో రోజండి?”

“పదమూడు.”

ఆయన వేళ్ల మీద లెక్క చూసుకున్నాడు. “మూడ్రోజులు లేటండి. పర్లేదు. గెడ్డం పైకెత్తండి.”

ఒక చేత్తో చర్మం బిగలాగి, రెండో చేత్తో నెమ్మదిగా గీస్తూ పోయాడు. కెమెరా సంగతి మర్చిపోయాడు. చిక్కేమిటంటే రైతు కూడా మర్చిపోయాడు. కెమెరా ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు. కత్తి మీసం దగ్గర ఉంది కనక నేను నోరు తెరవలేను. కళ్లతోనే సైగ చేశాను.

“మేస్టారి కళ్లలా తిరుగుతున్నాయేటి? కత్తి బేగి తియ్యి మావా!” అన్నాడు రైతు.

గీయడం పూర్తయింది. ఫోటో రాలేదు. షాపాయన పటికముక్క నీళ్లలో ముంచి నా చెంపకి రుద్దాడు. రెండు చోట్ల తెగినట్టుంది, భగ్గున మండింది. “అమ్మా!” అన్నాను. రైతు ఉలిక్కిపడి కెమెరా ఎత్తి నొక్కేశాడు.

ఫోటో కొంచెం పక్కకి ఒరిగింది. ఒక మూల రైతు బొటనవేలు పడింది. షాపాయన వంగి, నా గడ్డం పట్టుకుని, నా చెంప తప్ప ఇంకేమీ చూడకుండా పటిక రాస్తున్నాడు. “ఓర్సుకోండి” అంటున్న నోరు సగం తెరిచి ఉంది. నా కళ్లు మూసుకుని ఉన్నాయి. బొటనవేలు పడిన ఫోటోని మిత్రుడైతే పారేసేవాడు. నేను వేలితో సహా చివరి పేజీలో అతికించాను.

శనివారం తీసుకెళ్లి చూపించాను. షాపాయన చాలాసేపు చూసి, “కదిలిపోనానండి” అన్నాడు బాధగా.

“అవునండీ, కదిలారు” అన్నాను.

ఇప్పుడాయన బస్టాండు దగ్గర మేనల్లుడి ఏసీ సెలూన్లో పనిచేస్తున్నాడు. గడ్డం అయ్యాక అక్కడ సీసాలోంచి నీలం నీళ్లేవో కొడతారు. పటిక రాయడం లేదు.